పురిటి గది వెతుక్కుంటూ ఇస్తాంబుల్‌లో

ఒకప్పుడు చర్చి, ఇప్పుడు మసీదు అయిన ఆయా సోఫియా పై అంతస్తుకి మనిషికి 25 యూరోలు, మన డబ్బుల్లో రెండు వేల పైనే. "కింద నమాజుకి వచ్చేవాళ్ళకి ఉచితమే కదే" అని అక్క క్యూలో ఉన్నంతసేపూ సణుగుతూనే ఉంది. ఏం చేయను, ఈ ఊరు కాన్‌స్టాంటినోపుల్‌గా ఉన్న రోజుల్లో, వెయ్యేళ్ళ కిందట ఏలిన బైజాంటిన్ మహారాణి జోయీ బొమ్మ ఉండేది పైనే, నేను చూడాలనుకున్నది ఆవిణ్ణే.

దక్షిణం వైపు వసారాలో తూర్పు గోడ మీద రంగురాళ్ళ బొమ్మ. మధ్యలో క్రీస్తు, ఒక పక్క డబ్బు సంచి పట్టుకున్న చక్రవర్తి, ఇంకో పక్క ఈవిడ. అప్పటికి అరవై దాటిన మనిషి, ముఖం మీద ఒక్క ముడత లేదు! దగ్గరికెళ్ళి చూస్తే మొగుడి పేరు దగ్గర అక్షరాలు ఇరుగ్గా కుక్కినట్టున్నాయి. మొగుడు మారాడని బొమ్మలో తల తీసి కొత్త తల పెట్టి, పేరు కూడా మార్చేశారన్నమాట. ఇప్పుడున్నది మూడో ఆయన, తొమ్మిదో కాన్‌స్టంటైన్.

"ముగ్గురూ రాజులెలా అయ్యారే?"

"ఈవిణ్ణి చేసుకునే."

తండ్రి సింహాసనం మీదుండగా పుట్టిన కూతురు పోర్ఫిరోజెనిటా, అంటే ఊదారంగులో పుట్టినది. జోయీ అలా పుట్టిందే. కోటలో ఊదా రాతి గది ఒకటి ఉండేది, మహారాణుల పురుళ్ళు అందులోనే. నాన్న రాజు కాకముందు పుడితే పెద్దబిడ్డకైనా ఆ పేరు రాదు. ఆ పేరుకి ఊళ్ళో ఎంత విలువంటే, 1042లో జోయీ పెంపుడు కొడుకు, అప్పటి చక్రవర్తి ఐదో మైఖేల్ ఆవిడకి గుండు కొట్టించి దీవికి పంపేస్తే జనం తిరగబడి, చెల్లెలు థియోడోరాని మఠంలోంచి లాక్కొచ్చి ఇదే గుడిలో రాణిని చేశారు. తర్వాత ఇద్దరూ కలిసి రెండు నెలలు ఏలారు. అసలు చెల్లెల్ని మఠానికి తోలింది జోయీనే. ఆ మాట చెబుతుంటే అక్క నావైపు అదోలా చూసింది.

సాయంత్రం ఆ గది కోసం సముద్రపు ఒడ్డుకి నడిచాం. 1083లో అందులోనే పుట్టిన చక్రవర్తి కూతురు, చరిత్రకారిణి అన్నా కొమ్నీనీ, ఆ గది సముద్రం వైపు, రాతి ఎద్దులూ సింహాలూ ఉన్న రేవు మీదికి చూస్తుందని రాసింది. ఇప్పుడక్కడ బుకోలియోన్ కోట మొండి గోడ, పాలరాతి చట్రాల కిటికీలు, ముందు రయ్యిమని పోయే కార్లు. గదీ లేదు, ఎద్దులూ లేవు.

మా అమ్మమ్మ వాళ్ళింట్లో పురిటి గది వడ్ల గాదె పక్కన ఉండేది. కిటికీ లేదు, పట్టపగలు కూడా దీపం కావాలి. అక్క అందులోనే పుట్టింది, నేను ఆసుపత్రిలో.

"అయితే నేనేనే పోర్ఫిరోజెనిటాని" అని, టీ డబ్బులు నా చేతే ఇప్పించింది.