బీరువాలో రెండో సవరణ

ఆదివారం.

మధ్యాహ్నం వదిన వాళ్ళింట్లో భోజనం. ఊరికే పిలవలేదని వెళ్ళాకే తెలిసింది. వాళ్ళబ్బాయికి వచ్చే శనివారం స్కూల్లో డిబేట్ పోటీ ఉంది. అంశం: ఆయుధాలు కలిగి ఉండే హక్కు ఈనాటికీ అవసరమా? ఏ పక్షాన మాట్లాడాలో ముందుగా చెప్పరట, అక్కడికక్కడ నాణెం ఎగరేసి తేలుస్తారట. అందుకని రెండు వైపులా వాదనలు సిద్ధం చేసుకోవాలి. "అత్తా, నువ్వు కోర్టు వార్తలన్నీ చదువుతావు కదా, కాస్త సాయం చెయ్యవా?" అంటూ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. గుత్తివంకాయ గిన్నె ఇంకా బల్ల మీదే ఉంది.

టెక్సస్‌లో ఉంటూ ఈ చర్చను తప్పించుకోవడం ఎలాగూ కష్టం. పొద్దున పెరుగు కోసం ఆగిన మన కిరాణా కొట్టు తలుపు మీద కూడా తుపాకి తేవద్దనే మూడు బోర్డులున్నాయి, చట్టంలోని సెక్షన్ల నంబర్లతో: 30.05, 30.06, 30.07. లైసెన్సు లేకుండా తుపాకి తెచ్చేవారికి ఒకటి, లైసెన్సుండి దాచి తెచ్చేవారికి ఒకటి, బయటికి కనబడేలా తెచ్చేవారికి ఒకటి. అంగుళం ఎత్తు అక్షరాల్లో, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలని చట్టం. ఇంత పెద్ద హెచ్చరిక దాటుకుని లోపలికి వెళ్తే కరివేపాకు, ములక్కాడలు! 2021 సెప్టెంబరు నుంచి ఈ రాష్ట్రంలో, చట్టం ప్రత్యేకంగా నిషేధించినవారు తప్ప 21 ఏళ్ళు నిండిన ఎవరైనా లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకుని తిరగవచ్చు. వద్దనుకున్న కొట్టువాళ్ళు బోర్డు తగిలించుకోవాలి.

అన్నయ్యగారికి గ్రీన్ కార్డు వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే పిస్టల్ కొన్నారు. బంగారం దొరుకుతుందని మనవాళ్ళ ఇళ్ళనే చూసి దొంగలు పడుతున్నారన్న కబుర్లు వదినకు కంటి మీద కునుకు లేకుండా చేశాయి. మాది ఇంకా హెచ్‌-1బి వీసా బతుకు కాబట్టి ఫెడరల్ చట్టం ప్రకారం మేము తుపాకి పట్టకూడదు. దీనికో వింత మినహాయింపు ఉంది, వేట లైసెన్సు ఉంటే పట్టవచ్చు. బొద్దింకను చూసి కుర్చీ ఎక్కే మా ఆయన జింకల వేటకు లైసెన్సు తీసుకోవడం తలుచుకుని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం.

ముందు హక్కు వైపు వాదన మొదలుపెట్టాం. అమెరికా రాజ్యాంగానికి 1791లో ఆమోదం పొందిన రెండో సవరణ మొత్తం ఒకే వాక్యం. మొదటి సగం స్వేచ్ఛగల రాజ్యానికి క్రమశిక్షణ గల పౌరసేన అవసరమంటుంది, రెండో సగం ఆయుధాలు ఉంచుకునే ప్రజల హక్కుకు భంగం కలగరాదంటుంది. మొదటి సగాన్ని బట్టి రెండోదాన్ని చదవాలా, దాన్ని పక్కన పెట్టి చదవాలా అన్నదే తగాదా. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఇది వ్యక్తి హక్కేనని, ఇంట్లో ఆత్మరక్షణకు చేతి తుపాకి ఉంచుకోవచ్చని తేల్చింది. అంత స్పష్టంగా చెప్పడానికి రెండు శతాబ్దాలు దాటింది. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఈపాటికి వీడి డిబేట్ అంశం మరొకటి.

"పోలీసులు ఉన్నారుగా అంటే ఏం చెప్పాలి?" అన్నాడు. దానికి బలమైన జవాబే ఉంది. 2005లో కాసిల్ రాక్ కేసు. కొలరాడోలో ఒక తల్లి, దూరంగా ఉండమన్న కోర్టు ఉత్తర్వును కాదని భర్త ముగ్గురు ఆడపిల్లలనూ తీసుకుపోయాడని పోలీసులకు మళ్ళీ మళ్ళీ మొరపెట్టుకుంది. వాళ్ళు కదల్లేదు. అతడు పిల్లలను చంపేశాడు. ఆ ఉత్తర్వును పోలీసులు అమలు చేసి తీరాలని రాజ్యాంగం ప్రకారం అడిగే హక్కు ఆమెకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో ఇదే టెక్సస్‌లో, యువాల్డే బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయిన రోజున పోలీసులు గంటకు పైగా వరండాలో నిలబడ్డారు. పోలీసులను నమ్ముకోమని అన్నయ్యగారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆయన ఊరుకోలేదు, అల్లూరిని తీసుకొచ్చారు. "1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు ఎత్తుకు రావాల్సిన గతి ఎందుకు పట్టిందమ్మా? తెల్లవాడు మన జనం చేతుల్లోంచి లాగేసుకోబట్టే కదా?" మాట నిజమే. 1878 నాటి ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు కావాలంది, తెల్లవారికి అక్కర్లేదంది. ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఆ చట్టాన్ని గాంధీ కూడా తూర్పారబట్టారు. ఆ మాటలు ఇక్కడి తుపాకి హక్కుల వాళ్ళకు మహా ఇష్టం, మా వాడి నోట్సులోనూ ఉన్నాయి. అయితే ఆయన ఆ మాటలు అన్నది 1918లో, ఖేడా జిల్లాలో మొదటి ప్రపంచ యుద్ధానికి సైనికులను చేర్పిస్తూ తిరిగినప్పుడు. ఆ సంగతి రాసుకోమన్నాను. ఆ తర్వాతి కథ కూడా చెప్పాను. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ఉంది. 1948లో రాజ్యాంగ సభలో సభ్యుడు హెచ్.వి. కామత్ దాన్ని మళ్ళీ అడిగారు. ఎవరికి తోస్తే వారు బజారుకు వెళ్ళి ఆయుధాలు కొనుక్కొచ్చుకుంటే పరిపాలన సాగేదెలా అని అంబేడ్కర్ తోసిపుచ్చారు. పరాయి పాలకుడి దగ్గర అడిగిన హక్కును, పాలన తమ చేతికొచ్చాక మనవాళ్ళు రాసుకోలేదు. అది తెలివా, పాలకుల బుద్ధా అన్నది అన్నయ్యగారి ప్రశ్న. కొంత అదీ, కొంత ఇదీ అని నా అనుమానం.

ఇక అవతలి పక్షం. వీడు సామూహిక కాల్పుల జాబితా తీసి కూర్చున్నాడు. డల్లాస్ దగ్గరి అల్లెన్ మాల్ కూడా ఉంది అందులో. 2023 మే 6న అక్కడ చనిపోయిన ఎనిమిది మందిలో మన తెలుగమ్మాయి ఒకరు. మేము సెలవు రోజుల్లో చెప్పుల కోసం వెళ్ళే చోటు అది. కానీ ఆ రోజు హంతకుణ్ణి ఆపింది, వేరే పని మీద అక్కడే ఉన్న పోలీసు తుపాకి. ఆ సంగతి అవతలివాడు ఎత్తితే వీడి వాదన అక్కడే తడబడుతుంది. అందుకని వేరే అంకె చూపించాను. 2021లో అమెరికాలో తుపాకి వల్ల పోయిన ప్రాణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు. సగం దాటింది! దొంగ కోసమని కొన్న వస్తువు ఎక్కువగా ఎవరి ప్రాణం తీస్తోందో అక్కడే తెలుస్తోంది. చర్చలేమో ఎప్పుడూ కిటికీలోంచి దూకే దొంగ చుట్టూ, రేపెప్పుడో వచ్చే నియంత చుట్టూ తిరుగుతాయి.

రహీమీ కేసు కూడా రాయించాను. మనకు దగ్గరి ఊరే, ఆర్లింగ్టన్. ప్రియురాలిని కొట్టి, కాల్పులు జరిపి, తుపాకి పట్టవద్దని కోర్టు చేత ఆజ్ఞ వేయించుకున్న మనిషి. ఆ తర్వాతా ఆగలేదు. బర్గర్ కొట్టులో స్నేహితుడి క్రెడిట్ కార్డు పనిచేయలేదని గాల్లోకి కాల్చాడు. అలాంటివాడి దగ్గర తుపాకి ఉండకూడదనే చట్టాన్ని అప్పీలు కోర్టు కొట్టేసింది, పూర్వకాలంలో అలాంటి చట్టం కనబడలేదట! భార్యను కొట్టడం నేరంగానే తోచని కాలంలో వెతికితే ఏం కనబడుతుంది? 2024లో సుప్రీంకోర్టు 8-1తో సరిదిద్దింది. అయినా తుపాకి చట్టం నిలవాలంటే చరిత్రలో దానికి పోలిక వెతకాలన్న పద్ధతి మాత్రం అలాగే ఉంది.

"మా ఇంట్లో ఆ భయమేమీ లేదు, తాళంలోనే ఉంది" అని అన్నయ్యగారు పడకగదిలోకి తీసుకెళ్ళారు. పట్టుచీరల సూట్‌కేసుల వెనుక, బట్టల బీరువాలో చిన్న ఇనప్పెట్టె, అంకెల మీటలు. 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి గుళ్ళు నింపిన తుపాకి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో నేరమని, అందుకే ఇది కొన్నానని చెబుతున్నారు. పదిహేనేళ్ళవాడు గుమ్మంలోంచే, "నంబరు నా పుట్టినరోజే కదా నాన్నా" అన్నాడు. ఈ ఇంట్లో వైఫై నుంచి గరాజు దాకా అన్నింటికీ అదే నంబరట.

వదిన ఒక్క మాట అనలేదు. సొరుగులో వెతికి ఆ పెట్టెతో వచ్చిన కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నంబరు మార్చేదాకా మాకు కాఫీ రాలేదు.

కారులో మా ఆయన అడిగారు, "మనకు గ్రీన్ కార్డు వచ్చాక ఏం చేద్దాం?" భారతీయుల వరుస చూస్తుంటే అప్పటికి చేతులు వణకకుండా ఉంటే కదా అన్నాను. "మరి బంగారం?" అన్నారు. బ్యాంకులో లాకరు తీసుకుందామన్నాను, రేపే ఫోను చేసి అద్దె ఎంతో కనుక్కోమన్నాను.