నెట్ లైఫ్ సైన్సెస్: న్యూక్లియర్ ట్రాన్స్‌పోర్ట్ నేను ఎట్లా చదివానంటే

సీఎస్ఐఆర్ నెట్‌కి చదివే జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, న్యూక్లియర్ ట్రాన్స్‌పోర్ట్ బుర్రకెక్కడం లేదు, వదిలేయొచ్చా?" వదలొద్దు. ప్రోటీన్లు, ఆర్ఎన్ఏలు కేంద్రకంలోకీ బయటికీ ఎట్లా పోతాయన్నదే ఈ టాపిక్. పార్ట్ సీలో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు. లాజిక్ దొరికితే ఆ మార్కులు మీవే.

కేంద్రక పొరలోని రంధ్రాన్ని కట్టే ప్రోటీన్లు, అంటే న్యూక్లియోపోరిన్లు, దాదాపు 30 రకాలున్నాయి. అన్ని పేర్లూ బట్టీ పట్టే పని లేదు. సుమారు 40 కిలోడాల్టన్ల లోపు ప్రోటీన్లు రంధ్రంలోంచి వాటంతటవే పోగలవు. అంతకంటే పెద్దవి రంధ్రంలోని ఎఫ్‌జీ రిపీట్ల (ఫినైల్ అలనిన్-గ్లైసిన్ జత మళ్లీ మళ్లీ వచ్చే భాగాల) జల్లెడ దాటాలంటే లోపలికి తీసుకెళ్లే ఇంపోర్టినో బయటికి తెచ్చే ఎక్స్‌పోర్టినో వెంట ఉండాలి. ఇంత తెలిస్తే నిర్మాణం సంగతి అయిపోయినట్టే.

అసలు కీలకం రాన్ అనే చిన్న ప్రోటీన్. దానికి జీటీపీ (కణంలోని శక్తి అణువు) గానీ, అది విరిగితే వచ్చే జీడీపీ గానీ అంటుకుని ఉంటుంది. హనుమకొండలో నైమ్‌నగర్ రూమ్‌లో పాత క్యాలెండర్ షీటు తిప్పి, మధ్యలో నిలువుగా రెండు గీతలు గీసుకున్నాం. అదే కేంద్రక పొర. కుడివైపు లోపల, క్రోమాటిన్‌ని (డీఎన్ఏ, ప్రోటీన్ల కట్టని) అంటుకుని ఆర్‌సీసీ1 అనే ప్రోటీన్. రాన్‌కి జీటీపీ ఎక్కించేది అదే. ఎడమవైపు సైటోప్లాజంలో రాన్‌గ్యాప్ అనే ఇంకో ప్రోటీన్. దాని వల్ల రాన్ మీది జీటీపీ విరిగి జీడీపీ అయ్యేది అక్కడ. అందుకే రాన్-జీటీపీ (జీటీపీ ఉన్న రాన్) లోపల ఎక్కువ, బయట తక్కువ. ఇంపోర్టిన్ సరుకుతో లోపలికి రాగానే రాన్-జీటీపీ వచ్చి దాన్ని పట్టుకుంటుంది, సరుకు ఊడిపోతుంది. ఎక్స్‌పోర్టిన్‌కి లెక్క తిరగబడుతుంది: రాన్-జీటీపీ ఉంటేనే అది సరుకును గట్టిగా పట్టుకుంటుంది, బయటికొచ్చాక జీటీపీ విరిగితే వదిలేస్తుంది. పొర దాటడానికి జీటీపీ ఖర్చు కాదు, ఖర్చయ్యేది దిశ నిలబెట్టడానికి. 1999లో సైటోప్లాజంలో రాన్-జీటీపీ పెంచి రవాణా దిశనే తిప్పి చూపించారు. ఈ ప్రయోగం చదివాకే నాకు టాపిక్ మీద నమ్మకం కుదిరింది.

ఇక ప్రశ్నలు. జమ్మికుంట నుంచి వచ్చిన మా రూమ్మేట్ కేయూ క్రాస్‌రోడ్స్ దగ్గర చాయ్ తాగుతూ అడిగాడు: "రాన్‌గ్యాప్‌ని కేంద్రకంలోకి పంపిస్తే ఏం ఆగుతుంది?" ఇంపోర్ట్ ఒక్కటే ఆగుతుందని ఒకడు, ఎక్స్‌పోర్ట్ అని ఇంకొకడు, చాయ్ చల్లారిపోయింది. రెండూ ఆగుతాయి. లోపల రాన్-జీటీపీ పడిపోతుంది కాబట్టి ఇంపోర్టిన్ సరుకు వదలదు, ఎక్స్‌పోర్టిన్ సరుకు పట్టదు. ఇట్లాంటివి రోజుకొకటి మీరే తయారు చేసుకోండి. జీటీపీని విడగొట్టలేని రాన్ మ్యుటెంట్‌తో మొదలుపెట్టండి. లెప్టోమైసిన్ బి అనే రసాయనం వేస్తే సీఆర్ఎమ్1 అనే ఎక్స్‌పోర్టిన్ ఆగుతుంది, అంటే ల్యూసిన్ ఎక్కువున్న ఎక్స్‌పోర్ట్ సిగ్నల్ ఉన్న ప్రోటీన్లు లోపలే పేరుకుంటాయి.

ఆప్షన్లలో తెలివిగా తిప్పేవి రెండున్నాయి. ఒకటి, ప్రోటీన్‌ని ఈఆర్‌కి (ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌కి) పంపే సిగ్నల్ పెప్టైడ్‌ని కణం మామూలుగా కోసేస్తుంది, కేంద్రకంలోకి పంపే న్యూక్లియర్ లోకలైజేషన్ సిగ్నల్‌ని కోయదు. కణ విభజనలో పొర విచ్చిపోతే ఆ ప్రోటీన్లన్నీ మళ్లీ లోపలికి చేరాలి కదా. ఎస్‌వీ40 వైరస్ ప్రోటీన్ టీ యాంటీజెన్‌లో, ఈ సిగ్నల్‌లోని 128వ లైసిన్ ఒక్కటి మారినా ప్రోటీన్ బయటే ఉండిపోవడం కూడా గుర్తుంచుకోండి. రెండోది ఎంఆర్ఎన్ఏ. టీఆర్ఎన్ఏ ఎక్స్‌పోర్టిన్-టీ పట్టుకుని రాన్-జీటీపీతో బయటికొస్తుంది. ఎంఆర్ఎన్ఏ మాత్రం ఎక్కువగా ఎన్ఎక్స్ఎఫ్1 అనే ప్రోటీన్ వెంట వస్తుంది, నేరుగా రాన్ మీద ఆధారపడదు. "అన్ని ఆర్ఎన్ఏలకూ రాన్ కావాలి" అన్న ఆప్షన్ కనిపిస్తే ముందు దాన్ని కొట్టేయండి.