స్కారో నుంచి రెడింగ్‌కి: 24 పేజీలు అయ్యాయి

ఒక పాత ఇంగ్లీషు కామిక్‌ని మా మేనల్లుడి కోసం తెలుగులోకి మారుస్తున్నాను. మొన్న ఆదివారం రాత్రి దాని 24వ పేజీ అతికించాను. మొత్తం 104. ఇంకా 80 ఉన్నాయి. వారానికొకటి చొప్పున చూస్తే ఏడాదిన్నర పని. మా ఆవిడ ఈ లెక్క విని ఏమీ అనలేదు, కత్తెర మాత్రం తన కుట్టుపెట్టెలోంచి తీయొద్దని చెప్పింది.

పని ఏమిటంటే, బ్రిటన్‌లో 1965 జనవరి నుంచి 1967 జనవరి దాకా ‘టీవీ సెంచరీ 21’ అనే పిల్లల వారపత్రిక చివరి పేజీలో ‘ది డాలెక్స్’ అని రంగుల కామిక్ వచ్చేది. వారానికి ఒక్కటే పేజీ. ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ టీవీ సైన్స్ ఫిక్షన్ సీరియల్లో విలన్లు డాలెక్‌లు, స్కారో అనే గ్రహం మీద లోహపు తొడుగుల్లో బతికే జీవులు. వాళ్లే ఇందులో కథానాయకులు. సీరియల్ హీరో డాక్టర్ ఎక్కడా కనపడడు. ఆయన బొమ్మల కథ అప్పటికే ‘టీవీ కామిక్’ అనే వేరే పత్రికలో నడుస్తోంది. డాలెక్‌లను పుట్టించింది రచయిత టెర్రీ నేషన్ అయినా ఈ కామిక్ ఎక్కువగా రాసింది డేవిడ్ విటేకర్, సీరియల్‌కి మొదటి స్టోరీ ఎడిటర్. బొమ్మలు మొదట రిచర్డ్ జెన్నింగ్స్, తర్వాత ఎరిక్ ఈడెన్, ఆ తర్వాత రాన్ టర్నర్ వేశారు. ఆ పత్రికకు ఇంకో సరదా ఉంది, తేదీ వందేళ్లు ముందుకు వేసేవాళ్లు. మొదటి సంచిక మీద 23 జనవరి 2065 అని ఉంటుంది.

ఆ పేజీలన్నీ కలిపి వేసిన పుస్తకం ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి మా బావగారు తెచ్చారు. అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. డాలెక్‌లంటే ప్రాణం. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం గుణింతాల దగ్గరే ఆగిపోయింది. వాడి కోసం పాత్రల మాటలుండే బెలూన్లలో ఇంగ్లీషు తీసేసి తెలుగు చేత్తో రాసి, వారానికో పేజీ ఫోటో తీసి పంపుతున్నాను. ఇంట్లో చదువుకోడానికే.

పుస్తకం మీద నేరుగా ఏమీ చేయను. పేజీని కలర్ జిరాక్స్ తీయించి దాని మీద పని. మొదట ఏ4లోనే తీయించాను, అదే పెద్ద తప్పు. కామిక్‌లో ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒకే ఎత్తు, వరస కింద వరస మూడున్నర మిల్లీమీటర్లలో పట్టేస్తాయి. మనకి అలా కుదరదు. అక్షరం రెండున్నర మిల్లీమీటర్లు రాస్తే పైన గుడికి ఒకటి, కింద వత్తుకి రెండు, వరసల మధ్య ఖాళీకి ఇంకొకటి. ఆరున్నర లేకపోతే పై వరస వత్తు, కింది వరస గుడి కొట్టుకుంటాయి. మొదటి పేజీలో ఒక బెలూన్లో ‘శాస్త్రవేత్త’ కింద ‘యుద్ధమంత్రి’ వచ్చి ఇద్దరూ ఒకరి మీద ఒకరు కూర్చున్నారు.

ఇప్పుడు ఏ3కి పెంచి తీయిస్తున్నాను. ఏ4 నుంచి ఏ3 అంటే 141 శాతం. బెలూన్లో నాలుగు వరసల ఇంగ్లీషు ఉన్నచోట మూడు వరసల తెలుగు పడుతుంది. అందుకే బెలూన్‌కి పన్నెండు మాటలు దాటకూడదని నియమం పెట్టుకున్నాను. దాటితే మాట తగ్గిస్తాను, అక్షరం చిన్నది చేయను. చిన్న అక్షరం పిల్లాడు చదవడు, ఫోటోలో అసలే కనపడదు.

మిగతా పద్ధతి ఇది. బెలూన్ మీద ట్రేసింగ్ పేపరు పెట్టి అంచు గీసుకుంటాను. దాన్ని తెల్ల స్టిక్కర్ షీటు మీదికి దించి, పెన్సిల్‌తో వరసలు కొట్టి, 0.5 పెన్నుతో రాస్తాను. వత్తులకి మాత్రం 0.3. పది నిమిషాలు ఆరనిచ్చి, రబ్బరుతో పెన్సిల్ గీతలు చెరిపి, గోళ్ల కత్తెరతో అంచుకి ఒక వెంట్రుక వాసి బయటికి కత్తిరిస్తాను. సరిగ్గా గీత మీద కత్తిరిస్తే పాత ఇంగ్లీషు కొసలు తొంగిచూస్తాయి. స్టిక్కర్ షీటు మెరుపు లేనిదే కొనాలి. మెరిసేది కొని మూడు, నాలుగు పేజీలు పాడుచేసుకున్నాను. ఇంకు గంటైనా ఆరలేదు, చెయ్యి తగిలి డాలెక్‌ల చక్రవర్తి మొహమంతా నలుపు. ముందు బటర్ పేపరు కూడా వాడాను, వానాకాలం తేమకి అప్పడంలా ముడుచుకుంది. మొదట్లో పేజీకి నాలుగు గంటలు పట్టేది, ఇప్పుడు రెండుంబావు.

రాత సంగతి అలా ఉంచితే, అసలు తలనొప్పి డాలెక్‌ల భాష. వాళ్ల అరుపు, సీరియల్ చూడనివాళ్లకి కూడా తెలిసిన ఆ ‘ఎక్స్-టర్-మి-నేట్’ని ఏం చేయాలి? ‘చంపేయ్’ అంటే బస్టాండు దగ్గర గొడవలా ఉంది. ‘సంహరించు’ అని రాసి చాలా సంతోషపడ్డాను, అమ్మ కొట్టేసింది. అమ్మ ముప్ఫై ఏళ్లు తెలుగు టీచరు.

“సంహారం దేవుళ్లు చేస్తార్రా, రాక్షసుల్ని. వీళ్లే రాక్షసులాయె, వీళ్లెవర్ని సంహరిస్తారు?”

చివరికి ‘నిర్మూలించు’ దగ్గర ఆగాను. కలుపు నిర్మూలన, దోమల నిర్మూలన అని గోడల మీద రాస్తారు చూడండి, ఆ మాట. కోపం లేదు, పగ లేదు, ఆఫీసు పని. డాలెక్‌లకి సరిగ్గా అతికింది. పైగా ఇంగ్లీషులో నాలుగు దెబ్బలు, ఇక్కడా నాలుగే: నిర్-మూ-లిం-చు. ఇలా విరిస్తే ఇంకో లాభం, ర్మూ కింద వత్తు మాయమై పైన పొల్లు వస్తుంది, అర వరస కలిసొస్తుంది.

దీనికీ అమ్మ ఒప్పుకోలేదు.

“తెలుగులో అక్షరం అలా విరగదు. ని-ర్మూ-లిం-చు. సంయుక్తాక్షరం ముందుంది కాబట్టి ‘ని’ గురువు. మూడు గురువులు, ఒక లఘువు.”

“అమ్మా, అది యంత్రం. దానికి ఛందస్సు ఎందుకు?”

“దానికి అక్కర్లేదు. చదివే పిల్లాడికి కావాలి.”

నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ వారం పిల్లాడే తీర్పు చెప్పాడు. ఫోనులో పేజీ చదివి వినిపిస్తున్నాడు. వత్తులింకా సరిగా రావు కాబట్టి పొల్లుతో ఉన్న ‘నిర్’ తేలిగ్గా పలికాడు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, మధ్యలో ఆగి, గొంతు ఒకే శ్రుతిలో, నిర్... మూ... లిం... చు. అవతల బావగారు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. తెలుగు కొత్తగా చదివేవాడి గొంతు, డాలెక్ గొంతు ఒకటే. అమ్మ కూడా నవ్వి, వత్తులు వచ్చేదాకా అలాగే కానివ్వమంది.

దాంతో మామూలు డాలెక్‌ల మాటలన్నీ విరిచి రాస్తున్నాను, వీలైనంత వరకు వత్తుల్లేని మాటలతో. బంగారు చక్రవర్తి మాత్రం విరవకుండా నిండుగా మాట్లాడతాడు, వత్తులన్నీ అతనికే. మొదటి కథ చివర్లో వస్తాడు. ఆ కథలో ఉండేవి ఇవి: నీలిరంగు పొట్టి జాతి, జోల్ఫియన్ అనే యుద్ధమంత్రి, యార్వెల్లింగ్ అనే శాస్త్రవేత్త, ఉల్కల వానకి పేలిపోయిన న్యూట్రాన్ బాంబు, ఆ శిథిలాల్లో యంత్రం లోపల బతికి బయటపడ్డ జీవి. దానికి బంగారు తొడుగు చేసిపెట్టి వాళ్లిద్దరూ పోతారు. మరి డావ్రోస్ (టీవీ కథలో డాలెక్‌లను తయారుచేసిన శాస్త్రవేత్త) ఏడి అని పిల్లాడు అడిగాడు. టీవీలో డావ్రోస్ వచ్చింది 1975లో, ఈ పేజీలు దానికి పదేళ్ల ముందువి అని చెప్పాను. “అయితే ఇది తప్పా మామయ్యా?” అన్నాడు. తప్పు కాదు, రామాయణాలు చాలా ఉన్నట్టు అన్నాను. రామాయణం ఎన్ని ఉన్నాయని ఇంకో అరగంట.

చక్రవర్తి మాటల కోసం ఏడో తరగతిలో నేను వేసిన దుర్యోధనుడి ఏకపాత్రాభినయం గుర్తు చేసుకుంటున్నాను, అట్టముక్క గదతో సహా. విలన్ ఒక్కడే స్టేజీ మీద నిలబడి తన గొప్ప తను చెప్పుకోవడం మనకి కొత్త కాదు కదా. ఈ కామిక్ ఇంగ్లీషులో చదువుతుంటే కూడా నాకు ఆ స్కూలు వార్షికోత్సవమే గుర్తొచ్చింది. ఒక ఇబ్బంది, ‘చక్రవర్తి’లో రెండు వత్తులు. ఇరుకు బెలూన్లలో పట్టడం లేదు. ‘రాజు’ అంటే స్థాయి తగ్గుతోంది. అమ్మ ‘ఏలిక’ ఇచ్చింది. ఒక్క వత్తూ లేదు, పాతవాసన ఉంది. డాలెక్‌లు ‘ఏ-లి-కా’ అంటుంటే చెవికి కూడా బాగుంది.

సర్వనామాలు ఇంకో చిక్కు. ఇంగ్లీషులో ‘యు’ అనేస్తే అయిపోయింది. మనకి నువ్వా, మీరా? డాలెక్‌కి మర్యాద తెలియదు, ఏలికని ‘నువ్వు’ అనే ధైర్యమూ లేదు. అందుకని అసలు సర్వనామమే వాడనివ్వడం లేదు. ‘ఆజ్ఞ ఏమిటి’ అంటారు, అంతే. తమ గురించి ఎప్పుడూ ‘మేము’. ‘నేను’ అని మొదట అన్నది జెగ్. మెటలర్ట్ అనే కొత్త లోహపు తొడుగు దొరికి, తనని ఎవరూ చంపలేరనుకుని ఏలికకే ఎదురు తిరిగిన డాలెక్ అది. ఈ ‘నేను’ మూలంలో లేదు, నా సొంత పైత్యం. కానీ ఆ పేజీలో ‘నే-ను’ రాస్తున్నప్పుడు చేతికి భలే అనిపించింది, ఆ రెండక్షరాలకి పెన్ను మార్చి 0.8తో రాశాను. పిల్లాడు కనిపెట్టాడు. జెగ్ ఎందుకు లావుగా మాట్లాడుతోందని అడిగాడు.

తర్వాత ఆల్వెగా గ్రహం కథ. డాలెక్‌లు మొదటిసారి ఆకాశం దాటి వెళ్లడం, అక్కడ మొక్కలే మనుషుల్లా తిరగబడటం. బొమ్మలు గొప్పగా ఉన్నాయి, మాటలు తక్కువ, కాబట్టి పని త్వరగా అయింది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఒక బెలూన్ తలకిందులుగా అతికించడం తప్ప. స్టిక్కర్ ఊడదీయబోతే కింద జిరాక్స్ రంగు కూడా ఊడొచ్చింది. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి తీస్తే రంగు పోదని తర్వాత తెలిసింది.

ఇప్పటిదాకా ఖర్చు: ఏ3 కలర్ జిరాక్స్ ఒక్కోటి 30 రూపాయలు, పాడైనవాటితో కలిపి 31 తీయించాను. స్టిక్కర్ షీట్లు రెండు ప్యాకెట్లు, పెన్నులు ఆరు. 0.3 పెన్ను మొన త్వరగా అరిగిపోతోంది, స్టిక్కర్ గరుకు వల్లేమో. ఈసారి కోఠి వెళ్తే డజను తెచ్చుకోవాలి.

25వ పేజీ టేబుల్ మీద ఉంది. పిల్లాడికి క, ర, య వత్తులు వచ్చాయని అక్క మెసేజ్ పెట్టింది. ఈ పేజీ నుంచి మామూలు డాలెక్‌లకి కూడా ఆ మూడు వత్తులు ఇవ్వాలని అమ్మ హుకుం. ‘నిర్మూలించు’ మాత్రం ఇంకా విరిచే రాస్తాను, మ వత్తు వచ్చేదాకా.