చరిత్ర వద్దు, డేటాకు రండి అన్నారు

"చరిత్ర తర్వాత చూద్దాం, డేటాకు రండి." ల్యాబ్ మీటింగ్‌లో మా బాస్ ఈ మాట అన్నప్పుడు తెర మీద ఉన్నది నా మొదటి స్లయిడ్. అందులో ఒక సంవత్సరం, మూడు పేర్లు, అంతే. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు కణాలకు ఇంధనమైన ఏటీపీ అణువును విడివిడిగా కనుక్కున్నారు. బాస్ మర్యాదగానే అన్నారు. నాకు మాత్రం ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు.

మా పరిశోధన మూత్రాశయం మీద. అది నిండే కొద్దీ దాని గోడ సాగుతుంది. సాగినప్పుడు లోపలి పొరలోని కణాలు కాస్త ఏటీపీని బయటికి వదులుతాయి. దగ్గర్లోని నరాల కొసల మీద పి2ఎక్స్3 అనే రిసెప్టర్లు, అంటే కబురు అందుకునే ప్రొటీన్లు, దాన్ని అందుకుంటాయి. "నిండింది" అన్న కబురు వెన్నుపాముకు చేరే దారుల్లో అదొకటి. ఈ రిసెప్టర్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో బ్లాడర్ మామూలు కన్నా ఎక్కువ నిండితే గానీ ముడుచుకోదని 2000లోనే తేలింది.

మనం చదువుకున్న ఏటీపీ వేరు. మైటోకాండ్రియా తయారు చేస్తుంది, కండరం ఖర్చు పెడుతుంది, పాఠం అక్కడితో సరి. కణం పొర దాటి బయటికొస్తే అదే అణువు కబురుగా మారుతుందని చెప్పినవాళ్లు నాకు లేరు. కానీ సుబ్బారావు గారి పేరు మాత్రం ఏ మాస్టారూ వదిలిపెట్టలేదు. ఇక్కడ, ఈ పరాయి దేశపు ల్యాబ్‌లో, దానికి తలకిందులు. రిసెప్టర్ ఒక్కో సబ్‌టైప్ గురించి గంటసేపు మాట్లాడగల మనుషులున్నారు. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది, అందుకు కృతజ్ఞత కూడా ఉంది. ఆ రిసెప్టర్‌ను తాకే అణువును మొదట ఎవరు వేరు చేశారని అడిగితే మాత్రం జవాబు రాదు.

అసలు వీళ్లకు చరిత్ర అంటే పడదా అంటే, అదీ కాదు. జెఫ్రీ బర్న్‌స్టాక్ కథ మా ల్యాబ్‌లో ఎన్నిసార్లు విన్నానో. లండన్‌లో పుట్టి, 1959లో మెల్‌బోర్న్ వెళ్లి, పేగు కండరం మీద ప్రయోగాలు చేశాడాయన. నరాలు కబురు కోసం వాడతాయని అప్పటికి తెలిసిన రెండు రసాయనాల దారులనూ మందులతో మూసేసినా, నరాన్ని ప్రేరేపిస్తే కండరం స్పందిస్తూనే ఉంది. మూడోది ఏదో ఉందన్నాడు. అది ఏటీపీయే అని 1972లో వాటికి ప్యూరినర్జిక్ నరాలని పేరు పెట్టాడు. కణాలకు ప్రాణాధారమైన ఇంధనాన్ని నరం కబురు కోసం పారబోస్తుందా అని ఏళ్ల తరబడి చాలామంది నమ్మలేదు. 1990ల మొదట్లో ఆ రిసెప్టర్ల జన్యువులు ఒక్కొక్కటే దొరికాక గానీ వాదన తెగలేదు. గొప్ప కథ. ఎన్నిసార్లు చెప్పినా వింటాను. ఆయన పుట్టింది కూడా 1929లోనే. ఆయన కథకు మీటింగ్‌లో పావుగంట దొరుకుతుంది, సుబ్బారావు గారికి ఒక్క స్లయిడ్ దొరకదు. నాకు మింగుడుపడనిది ఇదే. చరిత్ర ఎక్కడ మొదలవ్వాలో ఎవరు నిర్ణయించారు?

మా వాడని కాబట్టి ఇంత పట్టుదల అని మీరు అనవచ్చు. కొంత నిజమే. పరాయి దేశంలో పనిచేస్తున్నప్పుడు మనవాళ్ల పేరు కనబడితే పట్టుకునే పట్టు వేరుగా ఉంటుంది. అయితే విషయం అక్కడితో అయిపోదు. బయటికొచ్చిన ఏటీపీని కణాల ఉపరితలం మీద సీడీ39 లాంటి ఎంజైములు వెంటనే ముక్కలు చేస్తాయి. ఒక ఫాస్ఫేట్ ఊడితే ఏటీపీ ఏడీపీ అవుతుంది, ఇంకొకటి ఊడితే ఏఎంపీ అవుతుంది. ఆ తర్వాత సీడీ73 దాన్ని అడినోసిన్‌గా మారుస్తుంది. ప్రతి మెట్టులోనూ ఫాస్ఫేట్ విడుదలవుతుంది. దాన్ని మేం నీలిరంగు గాఢతను బట్టి కొలుస్తాం. ఆ పద్ధతి ఫిస్కే, సుబ్బారావు 1925లో ప్రచురించింది. చరిత్ర వద్దన్న ల్యాబ్‌లో ఆ చరిత్ర రోజూ టెస్ట్ ట్యూబుల్లో ఉంటుంది.

ఆ రీఏజెంట్ కలిపే మా టెక్నీషియన్ నాకన్నా చాలా ముందు ఈ దేశానికి వలస వచ్చిన మనిషి. మీటింగ్ అయ్యాక నా దగ్గరకొచ్చి "ఆ మూడో ఆయన మీ వాళ్లా?" అని అడిగింది. చెప్పాను. 1923లో అమెరికా వెళ్లారని, 1940లో హార్వర్డ్ వదిలి లెడర్లీ మందుల కంపెనీలో చేరారని, 1948లో యాభై మూడేళ్లకే పోయారని. అప్పటికి బర్న్‌స్టాక్‌కు ఇంకా పంతొమ్మిదేళ్లే. ఏటీపీ కణం బయట ఏం చేస్తుందో చూసే అవకాశం సుబ్బారావు గారికి రాలేదు. ఆమె చివరిదాకా వింది. అంత ఓపిగ్గా ఎవరైనా వింటే మనసు ఎంత తేలికపడుతుందో దూరంగా ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఆయన చూడలేకపోయిందేమిటో కూడా చెప్పాలి. కణం లోపల ఏటీపీ గాఢత మిల్లీమోలార్లలో ఉంటుంది, బయట మామూలుగా నానోమోలార్లలో. లక్షల రెట్ల తేడా. కాబట్టి కొద్దిగా బయటికొచ్చినా పక్క కణాలకు తెలిసిపోతుంది. అందుకునే రిసెప్టర్లు మనుషుల్లో 19 రకాలు: అడినోసిన్‌కు నాలుగు, పి2ఎక్స్ ఏడు, పి2వై ఎనిమిది. కణజాలంలో ఏం జరగాలో తేల్చేది ఈ రిసెప్టర్లే. పి2ఎక్స్ రకాలు గబుక్కున తెరుచుకునే అయాన్ దారులు. మిగతావి కణం లోపలికి కబురు మోసే జీ ప్రొటీన్లను కదిలించి నిదానంగా పనిచేస్తాయి. రక్తఫలకికల (ప్లేట్‌లెట్ల) మీది పి2వై12ను ఏడీపీ తాకితే రక్తపు గడ్డ బలపడుతుంది. స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ మూసేది దాన్నే. గుండెలో ఏ1 రిసెప్టర్‌ను అడినోసిన్ తాకితే వేగం తగ్గుతుంది. పరుగెడుతున్న కొన్ని రకాల గుండె దడను డాక్టర్లు అడినోసిన్ ఇంజెక్షన్‌తో ఆపేది అందుకే. రక్తంలో దాని అర్ధాయువు పది సెకన్లు కూడా ఉండదు. ఇక మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల మీది పి2ఎక్స్7 కొద్దిపాటి ఏటీపీకి పలకదు. కణాలు పగిలి ఏటీపీ పోటెత్తినప్పుడే తెరుచుకుని, వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను విడుదల చేయిస్తుంది.

మా తలనొప్పంతా ఇక్కడే. ఒకే అణువు ఇన్నిచోట్ల ఇన్ని పనులు చేస్తుంటే, ఒక్క చోట దాన్ని అడ్డుకోవడం ఎలా? పి2ఎక్స్3ను మూసే గెఫాపిక్సాంట్ మొండి దగ్గుకు మందుగా జపాన్‌లో 2022లో అనుమతి పొందింది. దగ్గు తగ్గుతుంది, కానీ చాలామందికి నోటి రుచి చెడుతుంది. రుచి మొగ్గల నుంచి నరానికి కబురు చేర్చేది కూడా ఏటీపీయే. అక్కడి రిసెప్టర్ పి2ఎక్స్2, పి2ఎక్స్3 కలిసి కట్టినది. రుచిని ముట్టుకోకుండా దగ్గు నరాన్ని ఒక్కదాన్నే శాంతపరచాలంటే, పి2ఎక్స్3 మాత్రమే ఉన్న రిసెప్టర్‌ను ఆ కలగలుపు రిసెప్టర్ నుంచి వేరుచేసి గుర్తించే మందు కావాలి. బ్లాడర్‌లోనూ మేం వెతుకుతున్నది అలాంటి తేడానే.