సిటీ గ్రాంటు కోసం మేం పడ్డ పాట్లు

డాలస్ పక్కనే ఉన్న ఓ ఊళ్లో, తక్కువ అద్దెల అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో సాయంత్రాలు పిల్లలకి హోమ్‌వర్క్ సాయం చేసే చిన్న నాన్‌ప్రాఫిట్ మాది. నడిపేది ఒక రిటైర్డ్ టీచరమ్మ, లెక్కలు చూసేది నేను. చాన్నాళ్లు విరాళాలతోనే నెట్టుకొచ్చాం. మన తెలుగువాళ్లు గుడికో, సొంతూరి బడికో ఇచ్చినంత తేలిగ్గా ఇక్కడి పిల్లల చదువుకి చెక్కు రాయరు. వాళ్లని అనడానికేం లేదు, ఇందులోకి రాకముందు నేనూ అంతే. ట్యూటర్ల జీతాలు పెరిగాక ఇక లాభం లేదని సిటీ గ్రాంటుకి అప్లై చేశాం.

సిటీ గ్రాంటు అంటాం గానీ, మేం అడిగింది ఫెడరల్ డబ్బు. 1974 నాటి చట్టంతో మొదలైన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్. సీడీబీజీ అంటారు. కేంద్రంలోని హౌసింగ్ శాఖ సిటీకి ఇస్తే, సిటీ మాలాంటివాళ్లకి పంచుతుంది. పాత ఇళ్ల రిపేర్లు, ఫుట్‌పాత్‌లు కూడా ఇందులోంచే. పిల్లల ప్రోగ్రాములకి దక్కేది పబ్లిక్ సర్వీసెస్ అనే పద్దులోంచి. స్థూలంగా చెప్పాలంటే ఆ పద్దు, సిటీకి వచ్చే మొత్తం గ్రాంటులో 15 శాతం దాటకూడదు. అదే 15 శాతంలోంచి ఇల్లు లేనివాళ్ల షెల్టర్‌కీ, ముసలివాళ్ల భోజనాలకీ ఇవ్వాలి. దరఖాస్తులకి ముందు సిటీ పెట్టిన వర్క్‌షాప్‌లో చుట్టూ కూర్చున్నవాళ్లని చూస్తే, వీళ్ల వాటాలోంచి మనం అడుగుతున్నామా అని కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ అని చూపే 501(సి)(3) లెటర్, బోర్డు తీర్మానం, ట్యాక్స్ రిటర్న్, బడ్జెట్. ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థలకి ఉండాల్సిన యూఈఐ అనే 12 అక్షరాల గుర్తింపు నంబరు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగానే వస్తుంది. అది ఇప్పిస్తామంటూ వందల డాలర్లు అడిగే ఈమెయిళ్లని నమ్మొద్దు. అసలు ఖర్చు ఇన్సూరెన్స్‌ది. పిల్లలతో పని కాబట్టి మామూలు లయబిలిటీ ఒక్కటే చాలదన్నారు, లైంగిక వేధింపుల కవరేజీ కూడా కావాలన్నారు. ఆ ప్రీమియం కొటేషన్ చూసి టీచరమ్మ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది.

తలప్రాణం తోకకొచ్చింది మాత్రం ఆదాయం ఫారాల దగ్గర. మాలాంటి ప్రోగ్రాముకి వచ్చే పిల్లల్లో కనీసం 51 శాతం తక్కువ లేదా ఓ మోస్తరు ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి వస్తున్నారని చూపించాలి. అంటే ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు. ఇంట్లో ఎంతమంది, అందరి సంపాదన కలిపి ఎంత అని రాసి అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి చేతిలో, చీకటి పడే వేళ, ఆ ఫారం పెట్టి చూడండి. హోటల్లో గదులు శుభ్రం చేసే ఒకావిడ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది ఇమిగ్రేషన్ వాళ్లకి వెళ్తుందా?" అని అడిగింది. వీసా సంగతి అందులో అడగరనీ, కాగితం మా బీరువాలో ఉంటుందనీ, సిటీవాళ్లు తనిఖీకి వస్తే చూస్తారనీ ఉన్నదున్నట్టు చెప్పాం. ఆవిడ ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది. తర్వాతి వారం నింపి తెచ్చింది. కొందరు అసలు తేలేదు, వాళ్ల పిల్లలు వస్తూనే ఉన్నారు గానీ మా లెక్కలోకి రాలేదు.

మా దగ్గరికి ఒకరిద్దరు తెలుగు పిల్లలూ వస్తారు. ఐటీలో పనిచేసే ఒకబ్బాయి, "అన్నా, నా జీతం రాస్తే మీ గ్రాంటు పోదు కదా?" అని గొంతు తగ్గించి అడిగాడు. సగానికి పైగా అర్హులుంటే చాలు, మీవాడు నిక్షేపంగా రావచ్చన్నాను. రైడ్‌షేర్ కారు నడిపే ఇంకో తండ్రి ఏ నెల ఆదాయం రాయాలో తెలీక తల పట్టుకున్నాడు. ఆయనతో కూర్చుని ఫోన్‌లో వారం వారం లెక్క తీశాం.

ఈ గ్రాంటుల మీద సిటీ పెట్టిన పబ్లిక్ హియరింగ్‌లో మైకు దగ్గర మనిషికి మూడు నిమిషాలు. టీచరమ్మ బాగానే మాట్లాడింది, కౌన్సిల్ సభ్యులు చప్పట్లు కొట్టారు. కానీ దరఖాస్తులకి మార్కులు అప్పటికే కమిటీ వేసేసింది. నన్నడిగితే, ఆ మూడు నిమిషాలకి పడే టెన్షన్‌లో సగం బడ్జెట్ వివరణ రాసేటప్పుడు పడితే మేలు. అడిగిందాంట్లో సగం కంటే కాస్త ఎక్కువే వచ్చింది.

వచ్చింది అంటే చేతికి కాదు. ఇది రీయింబర్స్‌మెంట్ గ్రాంటు: ముందు మన చేతి చమురు వదిలించుకుని, రుజువులు పంపితే తర్వాత ఇస్తారు. ప్రోగ్రాం సంవత్సరం అక్టోబరు 1న మొదలైంది, కాంట్రాక్టు మీద సంతకాలు మాత్రం చాలా ఆలస్యంగా అయ్యాయి. ట్యూటర్లకి రెండు వారాలకోసారి జీతం ఆపలేం కదా! బోర్డులో ఒకాయన అప్పుగా ఇస్తే గట్టెక్కాం. మొదటి బిల్లుని సిటీవాళ్లు తిప్పి పంపారు. శుక్రవారం కూడా పనిచేసిన ట్యూటర్ టైమ్‌షీట్ మీద గురువారం తేదీతో సంతకం ఉందట, జరగని పనికి ముందే సంతకం ఎలా పెడతారని. రూలు రూలే, మళ్లీ పెట్టించి పంపాం.

ఈ ఏడు మళ్లీ అప్లై చేస్తున్నాం. టీచరమ్మ పోయినసారి కంటే ఎక్కువ అడుగుదామంటుంది. మా ఖాతాలో మూడు నెలల జీతాలకి సరిపడా డబ్బు చేరేదాకా తక్కువే అడుగుదామని నేను పట్టుబట్టాను.