8 మెగాపిక్సెల్ ఫోనుతో నా కుస్తీ

నా ఫోనుకి వెనకాల ఉన్నది ఒకే ఒక్క కెమెరా, అదీ 8 మెగాపిక్సెళ్లది. నైట్ మోడ్ లేదు, పోర్ట్రెయిట్ మోడ్ లేదు, మాన్యువల్ సెట్టింగుల ఊసే లేదు. దీంతో ఏం తీస్తావు, మంచి ఫోను కొనుక్కోరాదా అన్నవాళ్లే ఎక్కువ. కొనే ఉద్దేశం లేదు కాబట్టి ఉన్నదాంతోనే ఎంతదాకా వెళ్లొచ్చో చూద్దామని మొదలుపెట్టాను.

ముందు లెక్క చెప్తాను, ఎందుకంటే మెగాపిక్సెళ్ల గురించి జనం పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. 8 మెగాపిక్సెళ్లంటే 3264 x 2448 చుక్కలు. 10 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పుతో ప్రింటు వేయించుకోవాలంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున 3000 x 2400 ఉంటే చాలు. అంటే గోడకి తగిలించుకునే ఫొటోకి కూడా నా ఫోను సరిపోతుంది. కాకపోతే కెమెరా సెట్టింగుల్లో సైజు 16:9 అని ఉంటే 4:3కి మార్చుకోవాలి. చాలా ఫోన్లలో సెన్సర్ (వెలుతురుని ఫొటోగా పట్టుకునే చిప్పు) ఆకారమే 4:3, 16:9 పెడితే పైనా కిందా కోసేసి ఇస్తుంది, అంతే.

అసలు చిక్కంతా వెలుతురుతోనే. సెన్సర్ చిన్నది, లెన్స్ రంధ్రం పెరగదు, తరగదు. వెలుతురు తగ్గితే పాపం ఆ కెమెరా చేయగలిగినవి రెండే: షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచడం, లేదా ఐఎస్ఓ, అంటే పడ్డ కాస్త వెలుతురునే ఎక్కువ చేసి చూపించే సెట్టింగు, పెంచడం. మొదటిదాంతో ఫొటో కదిలిపోతుంది, రెండోదాంతో గరుకుగా చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఇది అర్థమయ్యాక రాత్రిపూట గదిలో ఫొటోలు తీయడం మానేసి కిటికీ పక్కకి చేరాను. పగలు కిటికీ దగ్గర తీసేటప్పుడు గదిలో లైటు ఆర్పేస్తాను. బల్బు పసుపు, కిటికీ వెలుగు నీలం, రెండూ ఒకే మొహం మీద పడితే ఎడిటింగ్‌తో ఆ రంగుల్ని ఒక దారికి తేవడం చాలా కష్టం. ఇక లెన్స్ తుడవడం గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను చెప్పను, కానీ తుడవండి.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం కావాలనే కొంచెం చీకటిగా తీయడం. తెర మీద వేలితో తడితే ఫోకస్ గుర్తు పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది కదా, దాన్ని కిందికి లాగితే ఫొటో ముదురుతుంది. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగు 0 నుంచి 255 దాకా ఉంటుంది. ఆకాశమో తెల్ల చొక్కానో 255 దగ్గర అతుక్కుపోయిందంటే అక్కడ ఇక వివరమంటూ ఏమీ మిగలదు, ఎంత లాగినా బూడిదరంగు మరకే వస్తుంది. నీడలో మాత్రం ఎంతో కొంత దాగి ఉంటుంది, తర్వాత పైకి తేవచ్చు. అందుకే ఫ్రేములో బాగా మెరుస్తున్న చోట తట్టి, వేలు కాసేపు అలాగే నొక్కి ఉంచి ఫోకస్‌నీ వెలుతురునీ లాక్ చేసి, ఆ తర్వాతే ఫ్రేము సరిచేసుకుంటాను. నీడ చిత్రాలు, ఎదురెండలో ఆకులు, మెట్ల మీద పడ్డ ఊచల నీడలు, నాకు నచ్చిన ఫొటోలన్నీ ఇలా వచ్చినవే.

వాన వెలిశాక నిలిచిన నీళ్లు కనిపిస్తే నన్ను పట్టుకోలేరు. ఫోన్ని తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ కిందికి వస్తుంది, దాదాపు నీళ్లకి ఆనించినంత దగ్గరగా పెట్టొచ్చు. చారెడు నీళ్లు కూడా అప్పుడు చెరువులా కనిపిస్తాయి, కరెంటు స్తంభం ఫ్రేము పై సగంలో నిటారుగా, కింది సగంలో తలకిందులుగా కనిపిస్తుంది. ఫోకస్ కోసం నీటి మీద తేలే చెత్తని కాకుండా అందులో కనిపించే స్తంభాన్నే తట్టాలి. ప్రతిబింబం కంటికి నీటి మీదే ఉన్నట్టున్నా, కెమెరాకి మాత్రం అది అసలు స్తంభం ఉన్నంత దూరంలోనే ఉంటుంది.

జూమ్ జోలికి పోను. ఈ ఫోన్లలో జూమ్ అంటే మధ్య భాగాన్ని కోసి పెద్దది చేయడమే, ఆ పనేదో తర్వాత తీరిగ్గా నేనే చేసుకోగలను. మరీ దగ్గరి ఫొటోలు కావాలంటే లెన్స్ మీద ఒక్క చిన్న నీటిచుక్క వేసి, ఫోన్ని జాగ్రత్తగా బోర్లా తిప్పుతాను. చుక్క వేలాడుతూ భూతద్దంలా పనిచేస్తుంది. ఫోనులోకి నీళ్లు పోతాయన్న భయముంటే ఈ పని చేయకండి, నేను చీపురుపుల్ల కొసతో అంటించినంతే వేస్తాను. ఇలా మొదట చూసింది పేపర్లో అచ్చయిన ఒక రంగు ఫొటో. మామూలుగా నున్నగా కనిపించే చర్మం రంగు కాస్తా విడిపోయి నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కల వరసలైపోయింది! మధ్యలో కొంత భాగమే స్పష్టంగా వస్తుంది, అంచులన్నీ సాగిపోతాయి. ఆ సాగడమే నాకిష్టం.

ఎడిటింగ్‌కి నేను వాడేది స్నాప్‌సీడ్ అనే యాప్, ఉచితమే. మొదలుపెట్టే ముందు ఫోను బ్రైట్‌నెస్ సగానికి తెచ్చుకుంటాను, ఫుల్‌గా పెట్టి చేస్తే మనకి బాగున్న ఫొటో వేరేవాళ్ల ఫోనులో చీకటిగా ఉంటుంది. ముందు వంకర సరిచేసి అనవసరమైనది కోసేస్తాను, తర్వాత ట్యూన్ ఇమేజ్ అనే టూల్లో హైలైట్స్ (బాగా మెరిసే భాగాలు) తగ్గించి, షాడోస్ (నీడ భాగాలు) కొద్దిగా పెంచుతాను. ఎక్కువ పెంచితే దాచిపెట్టిన గరుకంతా బయటికొస్తుంది. నా సమయమంతా తినేది సెలెక్టివ్ అనే టూలు. మొహం మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధి తగ్గించి, అక్కడ మాత్రమే వెలుగు పెంచొచ్చు. కళ్లు ఎటు వెళ్లాలో చెప్పడానికి దీన్ని మించినది లేదు. రంగుల్లో గరుకు మరీ ఎక్కువైతే నలుపు తెలుపుకి మార్చేస్తాను, అప్పుడు అదే గరుకు కావాలని వేసినట్టుంటుంది. అందులోనే హెచ్‌డీఆర్ స్కేప్ అని ఒక ఎఫెక్టుంది, దాన్ని గట్టిగా లాగితే చెట్ల చుట్టూ, ఇళ్ల అంచుల వెంబడి తెల్లటి వెలుగు గీత పుట్టుకొస్తుంది. చూసిన వెంటనే బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది కానీ నాకు పడదు. ఫొటో మీద వేలు నొక్కి పడితే అసలు ఫొటో కనిపిస్తుంది, అలా నాలుగైదుసార్లు మార్చి చూస్తే ఎక్కడ అతి చేశామో తెలిసిపోతుంది.

సేవ్ చేసేటప్పుడు కాపీగానే చేస్తాను, అసలు ఫొటోని ముట్టుకోను. జేపెగ్‌ని ఎడిట్ చేసి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, కాబట్టి మళ్లీ ఎడిట్ చేయాలనిపిస్తే అసలు దగ్గరి నుంచే మొదలు. ఎవరికైనా వాట్సాప్‌లో పంపాలంటే మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంటుగా పంపుతాను, లేకపోతే అది బాగా కుదించేసి పంపిస్తుంది, ప్రింటు కోసమైతే అసలే పనికిరాదు.