కంచు విగ్రహం ముందు

క్రికెట్ చూస్తూ పెరిగిన నాకు బేస్‌బాల్ మీద ప్రేమ స్టేడియంలో పుట్టలేదు. అమెరికాలోని కాన్సస్ సిటీలో, నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన లీగుల చరిత్ర చెప్పే నీగ్రో లీగ్స్ మ్యూజియంలో పుట్టింది. అక్కడ చిన్న మైదానంలో ఎవరి స్థానంలో వారు నిలబడిన కంచు ఆటగాళ్లు ఉంటారు. మొదట వల కంచె వెనక నుంచే చూడాలి. చరిత్రంతా చుట్టి వచ్చాకే వారి మధ్యకు వెళ్లగలం.

మన వికెట్‌కీపర్‌లా బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్, జోష్ గిబ్సన్ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. నల్లజాతివారన్న ఒక్క కారణంతో ఆయనకు అమెరికా అత్యున్నత బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ తలుపు తెరుచుకోలేదు. 1947 జనవరిలో, 35 ఏళ్లకే కన్నుమూశారు. అదే ఏడాది ఏప్రిల్ 15న, ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడిగా జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున మైదానంలో దిగారు. మధ్యలో మూడు నెలలు కూడా లేవు! తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

2024లో మేజర్ లీగ్ ఆ లీగుల లెక్కలను తన రికార్డుల్లో కలుపుకుంది. గిబ్సన్ .372 కెరీర్ బ్యాటింగ్ సగటుతో (అంటే వెయ్యి ప్రయత్నాలకు 372 హిట్లు), అంతవరకూ ముందున్న టై కాబ్‌ను దాటి అగ్రస్థానంలో నిలిచారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏటా ఏప్రిల్ 15న ఆటగాళ్లంతా జాకీ ధరించిన 42 నంబరు చొక్కాతోనే ఆడతారు. ఆ రోజు మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి బంతి నుంచి చూస్తాను.